ఆరు ఆదివారాల మెట్ల పీట

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోన్లు ఇంకా చేతుల్లోకి రాక మగవాళ్ళ బెల్టులకు వేలాడుతున్న కాలంలో, కొత్తగూడెంలో మా క్వార్టర్ల వరసలో ఒక్కో ఇంటికి ఒక్కో బెంగ ఉండేది. ఒకరికి నీళ్ళ బెంగ, ఒకరికి ప్రమోషన్ బెంగ, ఇంకొకరికి పక్కింటివాళ్ళు కొన్న కలర్ టీవీ బెంగ. మా ఇంటి బెంగ ఎత్తు. మా వంశానికి కొలతలు తీసిన రోజున దేవుడి టేపు ఎక్కడో మడతపడి ఉంటుంది. నాయిన అయిదడుగుల ఒక అంగుళం (చెప్పులతో కలిపి). అమ్మ నాలుగడుగుల తొమ్మిది. నాయనమ్మ అసలు కొలతకే ఒప్పుకునేది కాదు. "నన్ను కొలిచేది ఒక్కపారే, పాడె కట్టేనాడు. అప్పుడు మీరే కొలుచుకోండ్రి, నేను అడ్డం చెప్ప" అనేది. నేను అప్పటికి ఇంటర్ పరీక్షలు, ఇంజనీరింగ్ ఎంట్రన్సూ రాసి ఫలితాల కోసం చూస్తున్నాను. పొడుగవుతానన్న ఆశ పదో తరగతిలోనే వదిలేసుకున్నాను. మా క్వార్టర్లకు ప్లాను గీసినవాడు మాత్రం తప్పకుండా ఆరడుగుల మనిషి. స్విచ్ వేయాలంటే మునివేళ్ళ మీద లేవాలి. వంటింటి సజ్జ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది మాకు ఆకాశంలో ఒక భాగం. అందుకని ఇంట్లో బోర్లించడానికి వీలైన ప్రతి వస్తువూ మాకు మెట్టే. బియ్యం డబ్బా, పాత టీవీ అట్టపెట్టె, రోలు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇనుప బకెట్.

ఆ ఎండాకాలం అమ్మ కొత్తావకాయ జాడీ సజ్జ మీద పెట్టబోయింది. బకెట్ బోర్లించి ఎక్కింది. నాయిన రాత్రి షిఫ్టు చేసి వచ్చి, చల్లగా ఉంటుందని ఆ వంటింటి బండల మీదే పడుకుని గురక పెడుతున్నాడు. బకెట్ జారింది. అమ్మకు దెబ్బ తగల్లేదు, నాయిన మీద పడింది కాబట్టి. జాడీ పగల్లేదు, అదీ నాయిన మీదే పడింది కాబట్టి. మూత మాత్రం ఊడింది. నాయిన చేసేది బొగ్గుబాయిలో టింబర్‌మ్యాన్ ఉద్యోగం. అంటే భూమి లోపల తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. అట్లాంటి మనిషి మీద నిద్రలో ఏదైనా పడితే ఏమనుకుంటాడు? "కప్పు పడ్డది! ఉరుకుండ్రి!" అని ఒక్క అరుపు అరిచి, లుంగీ ఒక చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. తల నుంచి నడుము దాకా ఎర్రటి నూనె, చెవి మీద ఒక మామిడి ముక్క. వరసలో పన్నెండు క్వార్టర్ల వాళ్ళు బయటికి వచ్చి చూశారు. నాయనమ్మ మంచంలోంచి లేవకుండానే అడిగింది, "జాడీ పలిగిందా?" అని. పగల్లేదంటే, "ఇగ నయం" అని అటు తిరిగి పడుకుంది.

కళ్ళు కడుక్కోవడానికి నాయినకు నాలుగు బిందెల నీళ్ళు పట్టాయి. అయిదో బిందె వీపు మీద పోస్తూ అమ్మ మెల్లగా అంది.

"నేను సచ్చేదాక ఈ బకెట్ల మీద ఎక్కుడేనా? మా తమ్మునికి ఒక్క మాట చెప్తే రెండు మెట్ల పీట చేసియ్యడా?"

మా మామ ఏన్కూరులో వడ్రంగం చేసేవాడు. అమ్మకు సొంత తమ్ముడు. ఏ పొరపాటునో ఆ ఇంట్లో పుట్టిన ఆరడుగుల మనిషి. చేతిలో పనితనం ఉంది, నోట్లో అంతకన్నా ఎక్కువ ఉంది. రెండేళ్ళ కిందట ఒక చుట్టాల పెళ్ళిలో అందరూ ఫోటోకు నిలబడితే, మామ ఫోటోగ్రాఫర్‌తో గట్టిగా, "మా బావను ముందట నిలబెట్టన్నా, ఎనక నిలబెడితే రేపు ఫోటోల ఎక్కడున్నడో ఎతుక్కోవాలె" అన్నాడు. పెళ్ళి మొత్తం నవ్వింది. పెళ్ళికూతురు తలవంచుకుని మరీ నవ్వింది. నాయిన భోజనం చేయకుండా బస్సెక్కాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో నలిగింది అమ్మ. రాఖీలు పోస్టులో పంపేది, పండక్కి తమ్ముడు వస్తాడేమోనని రెండు గిన్నెలు ఎక్కువ వండేది, ఆ రెండు గిన్నెలూ మర్నాడు మేమే తినేవాళ్ళం.

తమ్ముడి మాట వినగానే నాయిన ఆవకాయ మంట మరిచిపోయాడు.

"వాడెందుకు? నేను చెయ్యలేనా? భూమి లోపట కొండనే ఎత్తి పట్టుకుంటున్న, వంటింట్ల నీ అంత మనిషిని ఎత్తలేనా?"

"దుంగలు నిలవెట్టుడు వేరు, పీట చేసుడు వేరు" అంది అమ్మ.

"రెండు కట్టెనే. ఇంట్ల ఇంజనీరు కూడ ఉండె" అని నాయిన నా వైపు చూశాడు. నాకు ఎంత గర్వం కలిగిందంటే, నా ఎత్తు ఒక అంగుళం పెరిగినట్టు అనిపించింది. (పెరగలేదు, తరవాత గోడ దగ్గర నిలబడి చూసుకున్నాను.)

కట్టె కోసం నాయినా నేనూ భద్రాచలం అడవి వైపు ఒక పల్లెకు వెళ్ళాం. అక్కడ నాయినతో పనిచేసే ఒకాయన పాత పెంకుటిల్లు పీకి స్లాబు వేయిస్తున్నాడు. ఆ ఇంటి దర్వాజా నల్లమద్దిది. ముత్తాతల నాటి కట్టె, ఒక్కో నిలువు అయిదంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం. "దీనికి పురుగు పట్టదు, నిప్పు పట్టదు" అన్నాడు ఆయన. మేకు కూడా పట్టదని చెప్పలేదు. నాలుగు ముక్కలుగా ఊడదీసి బస్సు మీద వేయించుకుని వస్తుంటే, అడవి మధ్య చెక్‌పోస్టులో గార్డు ఆపాడు.

"ఎవరిది ఆ కట్టె? దిగు."

"నాదే సార్. పాత దర్వాజ."

"పాతదని ఏంది గ్యారంటీ?"

"పసుపు చూడుండ్రి సార్, బొట్లు చూడుండ్రి. అడవిల చెట్లకు ఎవరన్న బొట్లు పెడుతరా?"

గార్డు ఆ అడవిలో పదేళ్ళ నుంచి ఉన్న మనిషి. "పెడుతరు. ఈ అడవిల సగం చెట్లకు పెడుతరు" అన్నాడు. నాయిన ఒక ముక్కకు వేలాడుతున్న తుప్పు పట్టిన గొళ్ళెం పట్టుకుని టకటకా కొట్టాడు. "గొళ్ళెం పెడుతరా సార్?" బస్సులో ఉన్నవాళ్ళు నవ్వారు. గార్డు కూడా నవ్వాపుకుని, "పో, జల్దీ పో" అన్నాడు. ఆ విజయంతో నాయిన ఇల్లు చేరేదాకా ఛాతీ దించలేదు.

ఇక డిజైన్ నాది. ఒక పీటకు కావలసింది ఒక స్కేలు, ఒక పెన్సిలు. నేను తెల్ల కాగితాలు నాలుగు, లాగరిథమ్ పట్టికలు, కంపాసు బాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాను. సజ్జ ఎత్తులోంచి అమ్మ చెయ్యి చాచితే అందే ఎత్తు తీసేసి, మిగిలినదాన్ని రెండు మెట్లుగా పంచి, వాలు కోణానికి టాంజెంట్ కూడా కట్టాను. (నిలువుగా నిలబడే పీటకు వాలు కోణం ఎందుకని ఇప్పుడు అడగొద్దు, అప్పుడు ఎవరూ అడగలేదు.) మెట్టుకు తొమ్మిదంగుళాలు వచ్చింది. కింది మెట్టు కాళ్ళు తొమ్మిది, పై మెట్టు కాళ్ళు పద్దెనిమిది. కాగితం చివర రెండు గీతలు కొట్టి సంతకం కూడా పెట్టాను. నాయిన ఆ కాగితాన్ని జేబులో మడిచి పెట్టుకుని బాయికి తీసుకెళ్ళి, టిఫిన్ టైములో తోటివాళ్ళందరికీ చూపించి వచ్చాడు. "మా బిడ్డ గీసింది. టాంజెంట్ ఉంది అండ్ల" అని.

పని ఆదివారాలే. మొదటి ఆదివారం రంపం అరువు తెచ్చి ఒక్క నిలువు కోశాం. ఆ చప్పుడుకు, రాత్రి షిఫ్టు దిగి పడుకున్న పక్క క్వార్టర్ ఆపరేటర్ లేచి వచ్చి, "అన్నా, ఏనుగును కోస్తున్నవా?" అని అడిగాడు. రెండో ఆదివారానికి రంపం పళ్ళు పోయాయి. మూడో ఆదివారం మేకులు కొట్టాం. నాయిన ఎత్తి కొడితే ఆరంగుళాల మేకు నల్లమద్ది మీద నిలబడి, ఆలోచించి, దండం పెట్టినట్టు వంగిపోయేది. ముప్ఫై మేకులు వంగాక నాయిన తన వృత్తిలోకి వెళ్ళిపోయాడు. బాయిలో దుంగలకు చేసినట్టే, కాళ్ళకూ పైకట్టెకూ మధ్య సందు పెట్టి, ఆ సందుల్లో చెక్క ముక్కలు దిగ్గొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కో దెబ్బకూ ఇంట్లో గిన్నెలు మోగేవి. నాలుగు, అయిదు ఆదివారాలు దానికే పోయాయి. ఆరో ఆదివారం మధ్యాహ్నానికి పీట లేచి నిలబడింది.

దాన్ని పీట అనడానికి మనసొప్పేది కాదు. ఎద్దులబండికి ఏదో అనారోగ్యం చేసి ముడుచుకు కూర్చున్నట్టు ఉంది. పెరట్లోంచి వంటింట్లోకి తేవడానికి నాయినా, ఆపరేటరూ, ఇంకో ఇద్దరూ కలిసి మోశారు. సజ్జ కింద దించగానే బండ మీద నుంచి ఒక పెచ్చు లేచింది. ఇక అది అక్కడి నుంచి కదిలేది కాదని అందరికీ అర్థమైంది. అప్పుడు నేను ఇంకోటి చూశాను. కింది మెట్టు అమ్మ మోకాలి దాకా ఉంది. స్కేలు పెట్టి చూస్తే పదమూడు అంగుళాలు. దాని మీద నుంచి పై మెట్టుకు తొమ్మిదే. కాళ్ళ ఎత్తు లెక్కగట్టాను, టాంజెంట్ కట్టాను, కాళ్ళ మీద పెట్టే కట్టెకు నాలుగంగుళాల మందం ఉంటుందన్న సంగతి మాత్రం మర్చిపోయాను. నా కాగితం మీద మెట్టు అంటే ఒక గీత. గీతకు మందం ఎక్కడిది? ఎవరైనా గమనిస్తారేమోనని స్కేలు చటుక్కున లంగా వెనక దాచేశాను.

నాయిన కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాలు గడ్డానికి తగిలేలా కాలెత్తింది.

"ఆగు!" అని నాయనమ్మ మంచంలోంచి కేక పెట్టింది. జన్మలో మొదటిసారి పరుగులాంటిది పరుగెత్తుకు వచ్చి, పై మెట్టు కట్టెను గోటితో గీకింది. కింద నుంచి పసుపు బయటపడింది.

"ఓరి కొడకా, ఇది గడప గదరా! లచ్చిందేవిని కోసి కాళ్ళ కింద ఏసినవా?"

నిజమే. నాలుగు ముక్కల్లో ఒకటి గడప. ఏ ముక్క ఏదో చూడకుండా, నా కాగితం ప్రకారం పొడుగు చూసి కోసుకుంటూ పోయాం. నాయిన నసిగాడు, "గడప అంటే దర్వాజకుంటేనే గడప, ఊడదీసినంక కట్టెనే గదనే" అన్నాడు. నాయనమ్మ వినలేదు. అప్పటికప్పుడు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, "ఎవలన్న దీని మీద కాలు పెడితే నేను అన్నం ముట్ట" అని తీర్మానించింది. ఆ తీర్మానంతో మా పీట దేవతై కూర్చుంది. శుక్రవారం శుక్రవారం పూలు కూడా పడేవి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చి, ఎందుకైనా మంచిదని ఒక దండం పెట్టుకుని పోయేవాళ్ళు. అమ్మ మళ్ళీ బకెట్ దగ్గరికే వచ్చింది. ఇదివరకు బకెట్ సజ్జ కిందే వేసుకునేది. ఇప్పుడు ఆ చోటు దేవత ఆక్రమించింది కాబట్టి, బకెట్ పక్కకు వేసుకుని, దేవతకు కాలు తగలకుండా ఒరిగి, ఒక చేత్తో గోడ పట్టుకుని సామాను తీసేది. ఒకరోజు అట్లా ఒరిగినప్పుడు బకెట్ ఊగింది. అమ్మ సజ్జ అంచు పట్టుకుని వేలాడింది. నేను వెళ్ళి కాళ్ళు పట్టుకుని దించాను. దిగాక బకెట్ మీదే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలో చెమట ఎంతో, కన్నీళ్ళు ఎన్నో నేను అడగలేదు. తప్పు కొలత నాది, ఊగేది అమ్మ.

మర్నాడు నేను కాయిన్ ఫోన్ దగ్గరికి వెళ్ళి, ఏన్కూరులో మామ ఇంటి పక్క కిరాణా షాపుకు ఫోన్ చేశాను. వాళ్ళు కేకేసి మామను పిలిచేసరికి రెండు బిళ్ళలు అయిపోయాయి.

"మామా, నేను. నాయిన మెట్ల పీట చేసిండు."

మూడో బిళ్ళ వేశాను.

"ఎవలు? బావనా?"

"అవ్."

"ఏం కట్టె?"

"నల్లమద్ది. దర్వాజ కట్టె."

మూడో బిళ్ళ మొత్తం మామ నవ్వుకే పోయింది. నాలుగోది వేసి, అమ్మ వేలాడిన సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "ఆదివారం వస్త. నువ్వు పిలిచినవని చెప్పకు కోడలా" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే మామ భుజాన పనిముట్ల సంచీతో దిగాడు. "ఇటుపక్క జర పనుండి వచ్చిన" అన్నాడు గుమ్మంలో, ఎవరికీ తగలకుండా గాల్లోకి. ఏ పనికి ఉలి, బర్మా, చిత్రిక సంచీలో పెట్టుకుని వచ్చాడో ఎవరూ అడగలేదు. అమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, ఆ చెంబు తీసుకోవడం కూడా మరిచిపోయి నిలబడింది. నాయిన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. (పేపరు తలకిందులుగా ఉందని నేను చెప్పలేదు.)

మామ వంటింట్లోకి వెళ్ళి పీటను చూశాడు. చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, వేలితో కొట్టి చూశాడు. ఊపాలని చూశాడు, అది ఊగలేదు. లేవబోతూ, మా ఎత్తుకు గోడకు కొట్టిన గిన్నెల స్టాండుకు ఠప్పున తల కొట్టుకున్నాడు. "పొడుగు మనుషులకు గిదే బాధ" అంది నాయనమ్మ, ఎంతో సంతృప్తిగా. నాయిన పేపరు దించి గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"బావా," అన్నాడు మామ తల రుద్దుకుంటూ, "దీని కింద బొగ్గు తవ్వుకోవచ్చు."

అది తిట్టో మెచ్చుకోలో నాయినకు తేలలేదు. కాసేపు ఆలోచించి మెచ్చుకోలుగా తీసుకున్నాడు. "మరేమనుకున్నవ్" అన్నాడు. రెండేళ్ళ తరవాత వాళ్ళ మధ్య మొదటి మాట అదే.

ఆ తరవాత మామ టేపు తీశాడు. కింది మెట్టు కొలిచాడు, పై మెట్టు కొలిచాడు. ముఖం చిట్లించాడు.

"ఒకటి పదమూడు, ఒకటి తొమ్మిది. మనిషి ఎక్కేటిదా, గుర్రం ఎక్కేటిదా? ఎవలు కొలిచిన్రు?"

ఆ కాగితం నాయిన చొక్కా జేబులోనే ఉంది, నా సంతకంతో సహా. ఈ ఒక్క మనిషి ముందు తలవంచడం ఇష్టం లేకే కదా నాయిన ఆరు ఆదివారాలు పోగొట్టుకున్నది, ముప్ఫై మేకులు వంచింది. ఒక్క మాట చాలు, ఆ బరువు నా మీదికి జరిగిపోతుంది. నాయిన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నేనే," అన్నాడు. "మందం కలుపుడు మర్చిన."

మామ ఇంకో మాట విసరబోయి, ఎందుకో నా ముఖం చూశాడు. నేను నేల చూస్తున్నాను. విసరబోయిన మాట మింగేసి, "అయితది, పెద్ద పెద్దోళ్ళకే అయితది" అని చిత్రిక బయటికి తీశాడు. అప్పుడైనా నేను నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. లాగరిథమ్ పట్టికలన్నీ చదివిన నాకు ఆ ఒక్క వాక్యం నోట రాలేదు.

ఆ రోజంతా ఇద్దరూ కలిసి దాన్ని పీకి మళ్ళీ కట్టారు. నాయిన దిగ్గొట్టిన చెక్క ముక్కలు ఊడదీయడానికే మధ్యాహ్నమైంది. "ఎంత బిగ్గొట్టినవ్ బావా" అని మామ విసుక్కునేవాడు, "కూలదీయనీకి కట్టలే, నిలవెట్టనీకి కట్టిన" అని నాయిన జవాబు. కట్టెను మామ నిలువునా చీల్చి సగం మందం చేశాడు. బర్మాతో ముందు బెజ్జం వేసి, అందులో మేకు దింపాడు. నాయిన ఆ బెజ్జాన్ని చూసి, "గింతేనా?" అన్నాడు చిన్నబోయి. గడప కట్టెతో మాత్రం మామ కాళ్ళు చేశాడు. "అత్తమ్మా, లచ్చిందేవి మన కాళ్ళ కింద ఉండొద్దు. మనల మోసే కాలైతే ఏమైతది? ఎట్లైన మోసేది ఆమెనే గద" అన్నాడు. నాయనమ్మ చాలాసేపు ఆలోచించి, బొట్టు పీట కాళ్ళకు పెట్టి, ఒప్పుకుంది. సాయంత్రం అమ్మ తొమ్మిదంగుళాలు, మళ్ళీ తొమ్మిదంగుళాలు ఎక్కి, సజ్జ మీద చెయ్యి పెట్టి, అక్కడే కాసేపు నిలబడిపోయింది. "ఏం దొరికిందే పైన?" అని నాయిన అడిగితే, "ఏం లేదు. మీరందరు ఇట్ల చిన్నగ కనవడుతున్నరు, చూస్తున్న" అంది. ఆ పూట ఎక్కువ వండిన రెండు గిన్నెలూ ఖాళీ అయ్యాయి.

మామను బస్సెక్కించి వస్తుంటే దారిలో నాయినను అడిగాను, "తప్పు నాది గద, నీదని ఎందుకు చెప్పినవ్?" అని. నాయిన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నేను ఎట్లైన టింబర్‌మ్యాన్‌నే. మందం మర్చినా నా నౌకరి ఎవడు పీకుతడు? నువ్వు ఇంజనీరువి కావాలె. ఈ మాట బయటవడితే నీకు సీటెవడిస్తడు బిడ్డా?"

నాయిన తమాషాకు అనలేదు. నిజంగానే భయపడ్డాడు. అంతకన్నా విడ్డూరం, ఆయన భయం నాకూ అంటుకుంది. ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్‌కు వెళ్ళిన రోజున సర్టిఫికెట్లు చూసే ఆయన ఒక్కో కాగితం తిప్పుతుంటే నేను మనసులో లెక్కపెడుతున్నాను. అన్నీ చూశాక ఆయన కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "ఇంకేమైనా ఉందామ్మా?" అన్నాడు. ఇంకో సర్టిఫికెట్ ఏదైనా ఉందా అని ఆయన అడిగింది. నాకు మాత్రం ఎవరో చెప్పేశారనిపించింది. నల్లమద్ది, నాలుగంగుళాలు, నాయిన జేబులోని కాగితం, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వెనకాల బెంచీ మీద నాయిన జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "లేదు సార్" అన్నాను. ఆయన సివిల్ అని రాసి ముద్ర కొట్టాడు. ఇన్నేళ్ళలో ఎన్ని మెట్లు గీశానో, ఎన్ని కట్టించానో గుర్తులేదు గాని, ఆ ముద్ర పడేదాకా దొంగలా నిలబడ్డ ఆ నాలుగడుగుల పది అంగుళాల పిల్ల మాత్రం అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. పక్కనుంటే భుజం తట్టి, సార్‌కు మందం సంగతి తెలియదులే అని చెవిలో చెప్పాలనిపిస్తుంది. కానీ ఆ పిల్ల నమ్మేది కాదు.